క్యారీని వదిలేయమనే ముందు బిట్లు ఎన్నో చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో ధారావాహికగా వస్తున్న కంప్యూటర్ పాఠాల్లో ఇటీవల సున్నా, ఒకటి అనే రెండంకెలతోనే రాసే బైనరీ సంఖ్యల కూడిక, తీసివేతల గురించి వేసిన పాఠం చదివాను. డిప్లొమా, డిగ్రీ విద్యార్థులతోపాటు పోటీ పరీక్షలకు చదువుకునేవారికి కూడా పనికివచ్చే అంశాన్ని తెలుగులో, అదీ ఒక దినపత్రికలో, అరపేజీ కేటాయించి వేయడం మెచ్చుకోవలసిన విషయం. కూడిక భాగంతో నాకు పేచీ లేదు. ఒకటికి ఒకటి కలిపితే సున్నా వేసి పక్క స్థానానికి ఒకటి క్యారీ పంపాలని, క్యారీతో కలిసి మూడు ఒకట్లు ఎదురైతే ఒకటి వేసి మరొకటి పంపాలని తెలిస్తే కూడిక వచ్చినట్లే. గుణకారం అంటే ఆ కూడికనే ఒక్కో స్థానం జరుపుకుంటూ చేయడం కనుక దానికి రెండు వాక్యాలతో సరిపెట్టడమూ సబబే. నా అభ్యంతరమంతా తీసివేత గురించి, అందులోనూ తీసివేతను కూడికగా మార్చి చేసే కాంప్లిమెంట్ పద్ధతిని చెప్పిన తీరు గురించి.

ఆ పాఠంలో టూస్ కాంప్లిమెంట్ తీసివేతను నాలుగు మెట్లుగా చెప్పారు. తీసివేయవలసిన సంఖ్యలో సున్నాలను ఒకట్లుగా, ఒకట్లను సున్నాలుగా తిరగరాయాలి, దానికి ఒకటి కలపాలి, వచ్చినదాన్ని మొదటి సంఖ్యకు కూడాలి, చివర క్యారీ మిగిలితే వదిలేయాలి. వీటిలో ఏదీ అబద్ధం కాదు. అయితే ఈ నాలుగూ ఎన్ని బిట్లలో, అంటే ఎన్ని బైనరీ అంకెల స్థానాల్లో, చేస్తున్నామన్న మాట పాఠం మొత్తంలో ఎక్కడా లేదు. ఆ ఒక్క మాట లేకపోతే మిగతా నాలుగు మెట్లకూ అర్థం లేదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. పాలిటెక్నిక్‌లో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, ఈ లోపం జవాబు పత్రాల్లో ఏ రూపంలో తేలుతుందో నాకు బాగా తెలుసు.

పదమూడు నుంచి ఆరు తీసివేయమన్న లెక్కనే తీసుకుందాం. బైనరీలో పదమూడు 1101, ఆరు 110. మీ పాఠం చదివిన విద్యార్థి చెప్పింది చెప్పినట్లు చేస్తే 110 ని తిరగరాసి 001 అంటాడు, ఒకటి కలిపి 010 అంటాడు, దాన్ని 1101 కు కూడి 1111 అని జవాబు రాస్తాడు. అది పదిహేను. పదమూడు నుంచి ఆరు తీసేస్తే పదిహేను వచ్చిందన్న మాట. వదిలేయడానికి క్యారీ కూడా రాలేదు కనుక లెక్క తప్పిందన్న అనుమానం అతనికి కలగదు. నిజానికి చేయవలసింది ముందుగా ఆరును కూడా నాలుగు స్థానాల్లో 0110 గా రాయడం. అప్పుడు తిరగరాస్తే 1001, ఒకటి కలిపితే 1010, దాన్ని 1101 కు కూడితే 10111. అయిదో స్థానంలోని ఒకటిని వదిలేస్తే 0111, అంటే ఏడు. ముందున్న ఆ సున్నాకు విలువ లేదని చిన్నప్పటినుంచి నేర్చుకున్న పిల్లవాడు ఇక్కడ దానికి విలువ ఉందని తనంతట తాను ఊహించలేడు. తిరగరాసే లెక్కలో సున్నా ఒకటవుతుంది కనుక దాన్ని రాయకపోవడం అంకెను పారేయడమేనని ఎవరో ఒకరు చెప్పాలి.

ఇక క్యారీని వదిలేయడం సంగతి. విద్యార్థులను ఎక్కువగా తికమకపెట్టేది ఇదే, మనం తక్కువగా వివరించేదీ ఇదే. చేతికొచ్చిన ఒకటిని ఎందుకు పారేయాలని తెలివైన పిల్లలు అడుగుతారు. పుస్తకంలో అలాగే ఉంది, రాసుకో అంటే మానేస్తారు. పాత స్కూటర్ల మీద అయిదంకెల కిలోమీటర్ల మీటరు ఉండేది. అది 99999 దాటితే మళ్లీ 00000 కు వస్తుంది. 00000 నుంచి ఒక్కటి వెనక్కి తిప్పితే 99999 చూపిస్తుంది. కాబట్టి ఆ మీటరు మీద ఒకటి తగ్గించడానికీ 99999 కలపడానికీ తేడా కనిపించదు, ఎందుకంటే మధ్యలో వచ్చే లక్షను చూపడానికి దానికి ఆరో చక్రం లేదు. నాలుగు బిట్ల లెక్కలో ఆ లక్ష స్థానంలో ఉండేది పదహారు. ఆరును తీసేయడానికి బదులు మనం పదహారులోంచి ఆరు పోగా మిగిలిన పదిని కలిపాం. అంటే అసలు జవాబుకన్నా పదహారు ఎక్కువ చేతికొచ్చింది. అయిదో స్థానంలో వచ్చిన క్యారీ విలువ సరిగ్గా ఆ పదహారే. దాన్ని వదిలేయడమంటే మనం ముందు తెచ్చి కలిపిన అప్పును తిరిగి తీర్చడం.

ఈ మాట ఒక్కసారి అర్థమైతే, తిరగరాసి ఒకటి కలపకుండానే కూడే వన్స్ కాంప్లిమెంట్‌లో చివరి క్యారీని వదిలేయకుండా తెచ్చి మళ్లీ కుడి చివర ఎందుకు కలుపుతారో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ మనం కలిపేది పదహారులోంచి ఆరు పోగా మిగిలిన పదిని కాదు, పదిహేనులోంచి ఆరు పోగా మిగిలిన తొమ్మిదిని, అంటే 1001 ని. దాన్ని 1101 కు కూడితే 10110 వస్తుంది. ఎక్కువగా కలిపింది పదిహేను, క్యారీని తీసేస్తే పోయేది పదహారు, కనుక ఒకటి ఎక్కువ పోయింది, దాన్ని తిరిగి ఇవ్వాలి. 0110 కు ఆ ఒకటిని కలిపితే అదే 0111. మీ పాఠంలో ఈ రెండు పద్ధతులనూ రెండు పెట్టెల్లో విడివిడిగా వేసి, ఒకదానిలో క్యారీని వదిలేయమని, రెండోదానిలో కలపమని చెప్పి ఊరుకున్నారు. పరీక్ష గదిలో ఏది దేనికో గుర్తురాక పిల్లలు తారుమారు చేస్తున్నారంటే వింత ఏముంది?

తిరగరాయడం ఎందుకు పనిచేస్తుందన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది. 1111 లోంచి ఏ నాలుగు బిట్ల సంఖ్యను తీసేసినా పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకునే అవసరం ఒక్కచోట కూడా రాదు. ఒకటిలో సున్నా పోతే ఒకటి, ఒకటిలో ఒకటి పోతే సున్నా. అంటే పదిహేనులోంచి తీసివేయడమంటే బిట్లను తిరగరాయడమే. దశాంశ లెక్కలో ఇదే పనికి ప్రతి అంకెనూ తొమ్మిదిలోంచి తీసేయాలి, అది చిన్నదైనా తీసివేతే. బైనరీలో ఆ చిన్న తీసివేత కూడా లేకుండా పోయింది.

వేదగణితం పేరుతో పిల్లలకు నేర్పే తరగతుల్లో, వెయ్యిలోంచి 637 తీసేయాలంటే అన్ని అంకెలనూ తొమ్మిదిలోంచి, చివరిదాన్ని పదిలోంచి తీయమని చెబుతారు. ఆరుకు మూడు, మూడుకు ఆరు, ఏడుకు మూడు, జవాబు 363. ఇది వేదాల్లో ఉందా లేదా అన్న వాదం నాకు అక్కరలేదు కానీ, లెక్క మాత్రం టెన్స్ కాంప్లిమెంట్ తప్ప మరొకటి కాదు. చివర్లో సున్నాలుంటే వాటిని అలాగే ఉంచి, సున్నా కాని చివరి అంకెను పదిలోంచి తీయాలని కూడా అక్కడ చెబుతారు. ఇదే సూత్రాన్ని బైనరీకి తెస్తే సున్నా కాని చివరి అంకె ఎప్పుడూ ఒకటే, దాన్ని రెండులోంచి తీస్తే మళ్లీ ఒకటే. కుడి నుంచి మొదటి ఒకటి వరకూ ఉన్నదున్నట్లు రాసి, ఆ పైన ఉన్నవన్నీ తిరగరాస్తే టూస్ కాంప్లిమెంట్ వస్తుందని కోచింగ్ సెంటర్లలో కారణం చెప్పకుండా బట్టీ పట్టించే చిట్కా పుట్టింది ఇక్కడే. 0110 మీద చేసి చూడండి. కుడివైపు 10 అలాగే ఉంటుంది, ఎడమవైపు 01 తిరిగి 10 అవుతుంది, 1010 వస్తుంది. ఎక్కడో చిన్న తరగతిలో పదుల లెక్కలో దీన్ని నేర్చుకున్న పిల్లవాడికి డిప్లొమాలో కొత్త పాఠంలా అప్పగించడం మన పాఠ్య ప్రణాళికల్లోని అతుకుల బొంత స్వభావం.

కాంప్లిమెంట్ తీసివేత కంప్యూటర్లతో పుట్టిందని మీ పాఠంలో ధ్వనించింది. అది సరికాదు. ఫ్రాన్స్‌లో పన్నుల అధికారి అయిన తండ్రి లెక్కల భారం తగ్గించడానికి బ్లేజ్ పాస్కల్ 1642 లో మొదలుపెట్టిన పళ్లచక్రాల యంత్రం ఒకవైపే తిరిగేది. వెనక్కి తిప్పి తీసేసే వీలు లేదు కనుక అతడు ప్రతి అంకెనూ తొమ్మిదిలోంచి తీసి రాసే నైన్స్ కాంప్లిమెంట్‌ను ఆశ్రయించాడు. అంకెలు కనిపించే కిటికీల్లో అసలు అంకెలు ఒక వరుసలో, వాటి కాంప్లిమెంట్లు మరో వరుసలో ఉండి, ఒక పట్టీ జరిపితే ఒక వరుస మూసుకుని రెండోది కనిపించేది. అతని పద్ధతిలో ఒక అందముంది. 85 లోంచి 37 తీసేయాలంటే 37 కు కాకుండా 85 కు కాంప్లిమెంట్ తీసుకోవాలి, అది 14. దానికి 37 కలిపితే 51. దానికి మళ్లీ కాంప్లిమెంట్ తీస్తే 48, అదే జవాబు. క్యారీని వదిలేసే గొడవ లేదు, తెచ్చి కలిపే గొడవా లేదు. బైనరీలోనూ ఇది అచ్చంగా పనిచేస్తుంది. 1101 ని తిరగరాస్తే 0010, దానికి 0110 కలిపితే 1000, దాన్ని తిరగరాస్తే 0111. ఇన్నేళ్లలో ఈ దారిలో జవాబు రాసిన విద్యార్థి నాకు తారసపడలేదు. రాసి ఉంటే ఎంతమంది పరీక్షకులు మార్కులు వేసేవారో చెప్పలేను.

చరిత్ర మాట వచ్చింది కనుక మరొకటి. పాఠం మొదట్లో ఛందశ్శాస్త్రం రాసిన పింగళుణ్ణి తలచుకున్నారు. గురు లఘువుల ప్రస్తారం రెండు గుర్తులతో సాధ్యమైన అమరికలన్నిటినీ వరుసగా రాసే పద్ధతే, మనం బడిలో వల్లించే మూడక్షరాల గణాలు ఎనిమిదే కావడానికి కారణం కూడా అదే. కానీ ఆ అమరికలను ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసే లెక్క అక్కడ లేదు. రెండంకెలతో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం చేసి చూపిస్తూ వ్యాసం అచ్చు వేసినది లైబ్నిట్జ్, 1703 లో.

విద్యార్థికి ఈ పద్ధతి విలువ కాగితం మీద కన్నా ల్యాబ్‌లో తెలుస్తుంది. 7483 అనే నాలుగు బిట్ల కూడిక చేసే ఐసీని (చిప్‌ను), నాలుగు ఎక్స్‌ఆర్ గేట్లున్న 7486 ఐసీని బ్రెడ్‌బోర్డు మీద గుచ్చి చేసే ప్రయోగం డిజిటల్ ల్యాబ్‌లో చేయనివారు అరుదు. రెండో సంఖ్యలోని ఒక్కో బిట్టును ఒక్కో ఎక్స్‌ఆర్ గేటు గుండా పంపిస్తారు. ఆ నాలుగు గేట్ల రెండో కాళ్లన్నీ ఒకే తీగకు కలిపి, ఆ తీగనే 7483 లో క్యారీ లోపలికి వచ్చే 13వ పిన్నుకు కూడా ఇస్తారు. తీగ సున్నాలో ఉంటే బిట్లు మారకుండా వెళ్లి మామూలు కూడిక జరుగుతుంది. అదే తీగను ఒకటి చేస్తే గేట్లు బిట్లను తిరగేస్తాయి, 13వ పిన్ను నుంచి ఒకటి కలుస్తుంది, టూస్ కాంప్లిమెంట్ తయారై తీసివేత అయిపోతుంది. ఒకటి కలపడానికి విడిగా ఏ సర్క్యూటూ అక్కరలేదు, ఖాళీగా ఉన్న పిన్నే ఆ పని చేసింది. తీసివేతకు మరో యంత్రం కట్టకుండా కూడిక యంత్రంతోనే పని కానివ్వడం కోసమే ఈ పద్ధతి అంతా. (7483 కు సాధారణ ఐసీల్లా 16, 8 పిన్నులకు కాకుండా 5వ పిన్నుకు అయిదు వోల్టులు, 12వ పిన్నుకు గ్రౌండ్ ఇవ్వాలి. ఇది మరిచి జవాబు రావడం లేదని గంటసేపు తీగలు మార్చే బ్యాచ్ ప్రతి సంవత్సరం ఒకటుండేది.)

ఆ బోర్డు మీద 13 లోంచి 6 తీసేస్తే నాలుగు దీపాల్లో 0111 వెలుగుతుంది, క్యారీ బయటికి వచ్చే 14వ పిన్ను దగ్గర దీపం కూడా వెలుగుతుంది. 6 లోంచి 13 తీసేస్తే 1001 వస్తుంది, క్యారీ దీపం ఆరిపోతుంది. అంటే తీసివేతలో క్యారీ రావడమంటే అప్పు అవసరం పడలేదని అర్థం. తరువాతి సెమిస్టర్‌లో ఇదే విద్యార్థి 8085 మైక్రోప్రాసెసర్ మీద ఇవే సంఖ్యలతో తీసివేత చేస్తే, 13 లోంచి 6 తీసినప్పుడు క్యారీని గుర్తుంచుకునే బిట్టు, అంటే క్యారీ ఫ్లాగ్, సున్నాగా, 6 లోంచి 13 తీసినప్పుడు ఒకటిగా కనిపిస్తుంది. తీసివేత తరువాత ఆ ఫ్లాగ్‌ను తిరగేసి, అప్పు పడిందా లేదా అన్నది చూపించేలా దాన్ని రూపొందించారు. ఏఆర్ఎం ప్రాసెసర్లలో అలా తిరగేయరు. రెండూ సరైనవే, కానీ క్యారీ వస్తే వదిలేయాలి అన్న ఒక్క ముక్కను పట్టుకుని వచ్చినవాడికి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా తోస్తాయి.

మీ పాఠంలో నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపించింది ఇంకొకటి. ఒకచోట క్యారీ రాకపోతే జవాబు రుణాత్మకం అన్నారు, నాలుగు పంక్తుల తరువాత ఎడమ చివరి బిట్టు ఒకటైతే జవాబు రుణాత్మకం అన్నారు. మొదటిది గుర్తు లేని, అంటే రుణాత్మకాలకు చోటు లేని సంఖ్యల నియమం, రెండోది గుర్తు ఉన్న, అంటే ధన, రుణ సంఖ్యలు రెండూ పట్టే సంఖ్యల నియమం. రెండింటినీ కలగాపులగం చేయకూడదు. పైన చేసిన 1101, 0110 ల లెక్కనే చూడండి. గుర్తు లేని సంఖ్యలుగా చదివితే 13 లోంచి 6 పోగా 7, జవాబు సరైనదే. అవే నాలుగు బిట్లను గుర్తు ఉన్న సంఖ్యలుగా చదివితే ఎడమ చివరి ఒకటి విలువ −8 కనుక 1101 అంటే −3, దానిలోంచి 6 పోతే −9 రావాలి. నాలుగు బిట్లలో −8 నుంచి 7 వరకే పడుతుంది కనుక −9 కు చోటు లేదు, దీపాలు మాత్రం నిశ్చింతగా 0111 అనే చూపిస్తాయి, అంటే ధనాత్మకమైన ఏడు. బిట్లు అవే, తీగలు అవే, జవాబూ అదే, ఒక రకంగా చదివితే ఒప్పు, మరో రకంగా చదివితే ఓవర్‌ఫ్లో, అంటే ఉన్న బిట్లలో జవాబు పట్టకపోవడం. దాన్ని పట్టుకునేందుకు క్యారీ ఒక్కటే చాలదు. ఎడమ చివరి స్థానంలోకి వచ్చిన క్యారీకి, ఆ స్థానం నుంచి బయటికి పోయిన క్యారీకి తేడా ఉందా అని చూడాలి. ఈ లెక్కలో లోపలికి వచ్చింది సున్నా, బయటికి పోయింది ఒకటి, కాబట్టి ఓవర్‌ఫ్లో.

ఇది పరీక్షల కోసం మాత్రమే అవసరమైన పట్టింపు కాదు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి తొలిసారి ఎగిరిన ఏరియన్ 5 రాకెట్ ప్రయోగించిన నిమిషంలోపే గాలిలో పేలిపోవడానికి మూలం, 64 బిట్ల సంఖ్యను 32767 దాటి పట్టని 16 బిట్ల గుర్తు ఉన్న సంఖ్యగా మార్చబోవడం. కాలాన్ని 32 బిట్ల గుర్తు ఉన్న సంఖ్యలో సెకన్లుగా లెక్కించే పాత వ్యవస్థలు ఏవైనా మిగిలి ఉంటే, 2038 జనవరి 19న మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే వాటి లెక్క 1901 డిసెంబరుకు వెళ్లిపోతుంది. 2147483647 కు ఒకటి కలిపితే ఎడమ చివరి బిట్టు ఒకటై, సంఖ్య రుణాత్మకం కావడమే దానికి కారణం.

వన్స్ కాంప్లిమెంట్‌ను ఎవరూ వాడరు కనుక దాన్ని సిలబస్ నుంచి తీసేయాలని కొందరు మిత్రులంటారు. వారితో నేను ఏకీభవించను. సున్నాకు 0000 అని, 1111 అని రెండు రూపాలు రావడం దాని లోపం. ఎడ్వాక్ అనే తొలితరం కంప్యూటర్ గురించి 1945 లో రాసిన నివేదికలోనే గణితవేత్త వాన్ న్యూమన్ టూస్ కాంప్లిమెంట్ వైపు మొగ్గాడు. అయినా 1964 నాటికి కూడా సీడీసీ 6600 అనే కంప్యూటర్ వన్స్ కాంప్లిమెంట్‌తో వచ్చింది, అదే ఏడు ప్రకటించిన ఐబీఎం సిస్టమ్ 360 టూస్ కాంప్లిమెంట్‌తో వచ్చింది. రెండోది నిలిచింది. సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రమాణం 2020 లో గాని టూస్ కాంప్లిమెంట్ తప్పనిసరి అనలేదు. అయితే ఇంటర్నెట్‌లో ముక్కలుగా పంపే సమాచారం, అంటే ప్యాకెట్లు, చెడిపోయాయేమో చూసుకునే చెక్‌సమ్ నేటికీ వన్స్ కాంప్లిమెంట్ కూడికే, చివరి క్యారీని తెచ్చి మళ్లీ కలిపే ఆ పాత పద్ధతే. మన ఫోన్లలో రోజూ జరుగుతున్న లెక్కను వాడుకలో లేదని ఎలా అనగలం?

కాబట్టి నా విన్నపాలు చిన్నవే. వచ్చే వారం పాఠంలో దీనికి సవరణ వేసి, నాలుగు మెట్లకు ముందు రెండు సంఖ్యలనూ సమానమైన బిట్లలో రాయాలన్న మాట చేర్చండి; గుర్తు ఉన్న, గుర్తు లేని సంఖ్యల నియమాలను విడదీయండి. ప్రశ్నపత్రాలు తయారుచేసే అధ్యాపకులు మీ పాఠకుల్లో ఎందరో ఉంటారు. కాంప్లిమెంట్ ప్రశ్న ఇచ్చేటప్పుడు ఎన్ని బిట్లో, గుర్తు ఉందో లేదో రాయమని మీ పత్రిక ద్వారా వారిని కోరుతున్నాను. ఆ వివరం లేని ప్రశ్నకు విద్యార్థి తానే బిట్ల సంఖ్యను చెప్పి చేసిన జవాబు, అచ్చు పుస్తకంలోని మెట్లతో సరిపోకపోయినా, పూర్తి మార్కులకు అర్హమైనదే.

పాఠం చివర అభ్యాసం కోసం ఇచ్చిన అయిదు లెక్కలూ జవాబు ధనాత్మకంగా వచ్చేవే. వాటిలో ఒకటి తీసేసి దీన్ని వేయగలరేమో చూడండి: గుర్తు ఉన్న 8 బిట్ల సంఖ్యల్లో 10000000 కు టూస్ కాంప్లిమెంట్ కనుక్కోండి, వచ్చిన సంఖ్య మొదటి సంఖ్యే ఎందుకయిందో, +128 ఎక్కడికి పోయిందో రెండు వాక్యాల్లో రాయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం